2.40 + 1.35 + 3.50 = 7.25 అంటోంది నా స్క్రిప్ట్, మావయ్య లెక్కలో మాత్రం 8.05

డెల్టా_కుర్రాడు · శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి. డిగ్రీ చదువుతున్నాను, పైథాన్ ఈమధ్యే మొదలుపెట్టాను. మా మావయ్యకి వరికోత మిషన్ ఉంది, చైన్‌ది. దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోయాయి. ఎవరి పొలంలో ఎంతసేపు కోశారో నోట్‌బుక్‌లో ఉంది, దాన్నిబట్టి బిల్లులు రాయాలి. గంటల లెక్కే కదా, స్క్రిప్ట్ రాస్తే సాయంత్రానికి తేలిపోతుందని నేనే ముందుకొచ్చాను.

ఫోన్‌లోంచి టైప్ చేస్తున్నాను, కోడ్ పెడితే ఇండెంటేషన్ చెదిరిపోతోంది. అందుకని మాటల్లో చెప్తాను. స్క్రిప్ట్ ఫైల్ తెరుస్తుంది, ఒక్కో లైన్ తీసుకుని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మారుస్తుంది, అన్నీ కలుపుతుంది, చివర్లో గంట రేటుతో గుణిస్తుంది. రేటు గంటకు 2,400 అనుకోండి.

ఒక రైతుకి మూడు ఎంట్రీలు ఉన్నాయి: 2.40, 1.35, 3.50. స్క్రిప్ట్ మొత్తం 7.25 అంది, బిల్లు 17,400. మావయ్య వేళ్ల మీద లెక్కపెట్టి 8.05 అన్నాడు, బిల్లు 19,400. ఎర్రర్ ఏమీ రావడం లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

రెండోఏడు_బీఎస్సీ · శనివారం రాత్రి 8:52

ఫ్లోట్‌లో ఇలాంటి తేడాలు మామూలే బ్రో. 0.1 కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది కదా. డెసిమల్ మాడ్యూల్ వాడు, సరిపోతుంది.

లూపులో_లక్ష్మి · శనివారం రాత్రి 9:05

ఆ తేడా ఎక్కడో పదిహేడో అంకెలో ఉంటుందండీ. ఇక్కడ పోయింది రెండు వేల రూపాయలు. డెసిమల్ మాడ్యూల్ పెట్టినా 7.25 అనే అంటుంది, ఇంకాస్త ధీమాగా.

డెల్టా గారూ, మీ మావయ్య రాసిన 2.40 లో ఆ చుక్క దశాంశ బిందువు కాదు. గంటలకీ నిమిషాలకీ మధ్య పెట్టిన అడ్డుగోడ. మనవాళ్లంతా టైం అలాగే రాస్తారు, పెళ్లి శుభలేఖల్లో కూడా 'ఉ. 10.42 ని.లకు' అనే ఉంటుంది. పైథాన్‌కి ఆ అలవాటు తెలియదు. 2.40 అంటే రెండు గంటలు, ఇంకో గంటలో వందకి నలభై వంతులు అనుకుంటుంది, అంటే 2 గంటల 24 నిమిషాలు. గంట నిండాల్సింది అరవైకి, పైథాన్ దాన్ని వందకి నింపుతోంది.

లెక్క మొత్తం నిమిషాల్లో చెయ్యండి. 2.40 అంటే 2 × 60 + 40 = 160. 1.35 అంటే 95. 3.50 అంటే 230. మొత్తం 485 నిమిషాలు. దాన్ని 60తో భాగిస్తే భాగఫలం 8, శేషం 5. ఇదే మీ మావయ్య గారి 8.05. నిమిషానికి 40 రూపాయలు కాబట్టి 485 × 40 = 19,400.

భాగఫలం, శేషం రెండూ ఒకేసారి ఇచ్చే డివ్‌మాడ్ అనే ఫంక్షన్ పైథాన్‌లోనే ఉంది. గంటల రూపం చదివేటప్పుడూ, చివర్లో ప్రింట్ చేసేటప్పుడూ మాత్రమే కనబడాలి. మధ్యలో అన్నీ పూర్ణాంకాలే.

డెల్టా_కుర్రాడు · శనివారం రాత్రి 9:20

అర్థమైంది మేడం. చుక్క దగ్గర స్ప్లిట్ చేసి రెండు ముక్కల్నీ ఇంట్‌గా (పూర్ణాంకంగా) మార్చాను. ఆ మూడు ఎంట్రీలకి 8 గంటల 5 నిమిషాలు వచ్చింది. '05' లాంటి ముందు సున్నా ఉన్న ముక్కతో గొడవ వస్తుందేమో అని భయపడ్డాను, రాలేదు.

లూపులో_లక్ష్మి · శనివారం రాత్రి 9:24

స్ట్రింగ్‌లో, అంటే అక్షరాల వరసగా ఉంటే ఇంట్ ఫంక్షన్ ముందు సున్నాని పట్టించుకోదు. కోడ్‌లో మీరే నేరుగా 05 అని రాస్తే మాత్రం పైథాన్ 3 సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది.

కోడూరి_కోడర్ · శనివారం రాత్రి 9:41

ఇంత శ్రమ ఎందుకు? డేట్‌టైమ్ మాడ్యూల్‌లో స్ట్రిప్‌టైమ్ ఉంది. గంటలు, నిమిషాలు అని ఫార్మాట్ చెప్తే అదే విడగొట్టి ఇస్తుంది. స్ప్లిట్‌లూ గుణకారాలూ మనమెందుకు చెయ్యడం?

లూపులో_లక్ష్మి · శనివారం రాత్రి 9:58

స్ట్రిప్‌టైమ్ చదివేది గడియారం చూపించే టైం. 'రెండూ నలభై అయింది' అనడం వేరు, 'రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది' అనడం వేరు. మీరు రెండోదాన్ని మొదటిదిగా చదివిస్తున్నారు. 23 గంటల దాకా బాగానే నడుస్తుంది, సీజన్ మొత్తం కలిపి 26.30 అని ఒక లైన్ వచ్చిందనుకోండి, అక్కడ ఆగిపోతుంది. గడియారంలో 26 ఉండదు కదా. 75 నిమిషాలు అన్నా అంతే.

వ్యవధికి పైథాన్‌లో ఉన్నది టైమ్‌డెల్టా. అది మంచిదే, కానీ దానికీ ఒక మెలిక ఉంది. 26 గంటల 30 నిమిషాల టైమ్‌డెల్టాని ప్రింట్ చేస్తే 'ఒక రోజు, 2:30:00' అన్న అర్థంలో ఇంగ్లీషులో చూపిస్తుంది. లోపల అది రోజులు, సెకన్లు, మైక్రోసెకన్లుగా విడదీసి దాచుకుంటుంది. దాని సెకండ్స్ అనే విలువని అడిగితే ఆ రోజు పోగా మిగిలిన 9,000 మాత్రమే ఇస్తుంది, అంటే రెండున్నర గంటలు. ఒక రోజంతా బిల్లులోంచి మాయం, ఎర్రర్ కూడా రాదు. మొత్తం కావాలంటే టోటల్ సెకండ్స్ అనే మెథడ్‌ని పిలవాలి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు నిమిషాలతోనే చెయ్యడం మేలని నా అభిప్రాయం. లైబ్రరీ వాడినా లోపల జరిగేది ఆ గుణకారమే.

షీట్ల_సుబ్బులు · ఆదివారం ఉదయం 7:15

స్ప్రెడ్‌షీట్‌లో కూడా ఇదే కథ. 2:40 అని కోలన్‌తో కొడితే ఎక్సెల్ దాన్ని ఒక రోజులో భాగంగా దాచుకుంటుంది, గంట అంటే ఇరవై నాలుగో వంతు. కూడిక 26 గంటలు వస్తే 2:00 అని చూపిస్తుంది. ఫార్మాట్‌లో గంటల అక్షరానికి రెండు వైపులా చదరపు బ్రాకెట్లు పెడితే అప్పుడు 26 కనబడుతుంది. మా ఆఫీసులో ఓవర్‌టైమ్ షీట్ల గొడవల్లో సగం దీనివల్లే.

డెల్టా_కుర్రాడు · ఆదివారం ఉదయం 10:30

సగం ఫైల్ దాకా బాగానే నడిచింది, తర్వాత ఆగిపోయింది. నోట్‌బుక్‌లో మావయ్య ఒకలా, డ్రైవర్ ఒకలా రాశారు. నాకు కనిపించిన రకాలు ఇవి:

2.40
1-35
3గం 50ని
45ని
గంటన్నర
పావుతక్కువ మూడు
11.20 టు 1.05
2.5

ఇన్నింటికీ ఇఫ్‌లు రాసుకుంటూ పోవడమేనా, వేరే దారి ఉందా?

లూపులో_లక్ష్మి · ఆదివారం ఉదయం 11:10

మంచి లిస్టు. పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణల్లో ఇంత మసాలా ఉండదు.

ఒక ఫంక్షన్ రాయండి. లైన్‌ని స్ట్రింగ్‌గా తీసుకోవాలి, నిమిషాలు తిరిగివ్వాలి. లోపల వరసగా ఇలా ప్రయత్నించాలి:

ముందు అటూ ఇటూ ఖాళీలు తీసెయ్యి.
పదాల పట్టికలో ఉందా? ఉంటే ఆ నిమిషాలు ఇచ్చెయ్యి.
అంకెలు, ఆపైన 'గం', ఆపైన అంకెలు, 'ని' అన్న నమూనాకి సరిపోతుందా? గం గానీ ని గానీ ఒకటి లేకపోయినా ఫర్వాలేదు, రెండూ లేకపోతే ఒప్పుకోకు.
అంకెలు, చుక్క లేదా గీత లేదా కోలన్, తర్వాత కచ్చితంగా రెండు అంకెలు ఉన్నాయా? ఆ రెండంకెలు 60 కంటే తక్కువ అయితేనే ఒప్పుకో.
ఇవేవీ కాకపోతే లైన్ నంబర్‌తో సహా ఎర్రర్ ఇచ్చి ఆగు.

చివరి అడుగు అన్నిటికంటే ముఖ్యం. చాలామంది అక్కడ సున్నా ఇచ్చేసి ముందుకెళ్లిపోతారు. అర్థంకాని లైన్ సున్నా అయిపోతే ఆ కోత ఉచితంగా కోసినట్టే.

నమూనాలకి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాల నమూనాని గుర్తుల్లో రాసే పద్ధతి) వాడండి, కానీ సెర్చ్ కాకుండా ఫుల్‌మ్యాచ్ వాడండి. ఎవరో పొరపాటున 2.405 అని కొడితే సెర్చ్ అందులోంచి 2.40 ఏరుకుని కిమ్మనకుండా ఇచ్చేస్తుంది. ఫుల్‌మ్యాచ్ స్ట్రింగ్ మొత్తం సరిపోతేనే ఒప్పుకుంటుంది.

ఇంకొకటి, ఫోన్ కీబోర్డులు అప్పుడప్పుడు మామూలు గీతకి బదులు కొంచెం పొడుగు గీత పెడతాయి. కంటికి ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కి రెండూ వేర్వేరు అక్షరాలు. రెండింటినీ నమూనాలో చేర్చండి.

ఇందూరు_అన్న · ఆదివారం మధ్యాహ్నం 12:20

పదాల పట్టికకి నేను సాయం చేస్తా తమ్ముడూ, మా దగ్గర కూడా ట్రాక్టర్ల పుస్తకాలన్నీ గిట్లనే ఉంటయి. పావుగంట 15, అరగంట 30, ముప్పావుగంట 45. గంటంబావు 75, గంటన్నర 90. రెండుంబావు 135, రెండున్నర 150. 'పావుతక్కువ' వస్తే తర్వాతి అంకెలోంచి పదిహేను తియ్యాలి, పావుతక్కువ మూడు అంటే 165.

నాలుగున్నర, ఐదున్నర అని అన్నీ చేత్తో రాసే పని లేదు. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెల పేర్లు ఒక పట్టికలో పెట్టు. పదం 'న్నర'తో ముగిస్తే అది కోసేసి మిగిలినదాన్ని పట్టికలో వెతుకు, అరవైతో గుణించి ముప్పై కలుపు. 'ంబావు' అయితే పదిహేను. కానీ జాగ్రత్త, 'మూడు' చివర 'న్నర' తగిలినప్పుడు అది 'మూడున్నర', 'ఎనిమిది' మాత్రం 'ఎనిమిదిన్నర', 'ఒకటి' అయితే 'ఒకటిన్నర'. కోస్తే 'మూడు', 'ఎనిమిది', 'ఒకటి' సరిగ్గానే మిగులుతయి. 'గంటన్నర' కోస్తే మాత్రం 'గంట' మిగుల్తది, దానికి పట్టికలో 1 అని రాసిపెట్టు.

డెల్టా_కుర్రాడు · ఆదివారం మధ్యాహ్నం 1:05

సూపర్ అన్నా. తెలుగు పదాలతో పైథాన్ పనిచేస్తుందని అనుకోలేదు. ఇప్పుడు వేరియబుల్ పేర్లు కూడా 'నిమిషాలు', 'మొత్తం' అని తెలుగులో పెట్టి చూశాను, తీసుకుంది!

రెండోఏడు_బీఎస్సీ · ఆదివారం మధ్యాహ్నం 1:11

మరి తెలుగు అంకెల్లో ౨.౪౦ అని రాస్తే?

లూపులో_లక్ష్మి · ఆదివారం మధ్యాహ్నం 1:30

అదీ నడుస్తుంది. పైథాన్ 3లో ఇంట్ ఫంక్షన్ యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా గుర్తించిన వేటినైనా తీసుకుంటుంది, తెలుగు ౨ ఇస్తే 2 ఇస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో 'ఏదైనా అంకె' అనే గుర్తు కూడా స్ట్రింగుల మీద అంతే. సున్నా నుంచి తొమ్మిది దాకా అని చదరపు బ్రాకెట్లలో మీరే పరిధి రాస్తే మాత్రం తెలుగు అంకెలు అందులోకి రావు.

డెల్టా గారూ, '2.5' సంగతి ఇంకా తేలలేదు. నేను రాసిన నమూనా ప్రకారం చుక్క తర్వాత ఒకటే అంకె ఉంది కాబట్టి ఎర్రర్ వస్తుంది. కావాలనే అలా పెట్టాను. అది రెండు గంటల ఐదు నిమిషాలా, రెండు గంటల యాభైయా, రెండున్నరా? స్క్రిప్ట్‌ని ఊహించనివ్వకండి, రాసినవాళ్లని అడగండి.

డెల్టా_కుర్రాడు · ఆదివారం మధ్యాహ్నం 2:15

అడిగాను. మావయ్య సమాధానం యథాతథంగా: '2.5 అంటే రెండున్నరే కదరా. 2.30 అన్నా రెండున్నరే.' ఆయనకి ఇందులో వింతేమీ కనబడలేదు.

కోడూరి_కోడర్ · ఆదివారం మధ్యాహ్నం 2:18

😂😂 దండం పెట్టాలి.

ఇందూరు_అన్న · ఆదివారం మధ్యాహ్నం 2:50

నవ్వకండి, ఆయన చెప్పేది సరైనదే. మిషన్ల మీద అవర్ మీటర్ (ఇంజిన్ నడిచిన గంటలు చూపే మీటర్) చివరి అంకె గంటలో పదో వంతు చూపిస్తది, చాలావాటిల్లో ఆ అంకె వేరే రంగులో ఉంటది. ఒక్కో అంకెకి ఆరు నిమిషాలు. మీటర్ చూసి రాసినోడు 2.5 అంటే నిజంగానే రెండున్నర, 2.4 అంటే రెండు గంటల 24 నిమిషాలు. గడియారం చూసి రాసినోడు 2.40 అంటే రెండు గంటల నలభై. ఒకే పుస్తకంలో రెండు భాషలు.

కాబట్టి రూలు ఇట్ల పెట్టుకోవచ్చు: చుక్క తర్వాత ఒక అంకె ఉంటే పదో వంతులు, ఆరుతో గుణించు. రెండంకెలు ఉంటే నిమిషాలు. 2.05 అని రాయాల్సినోడు 2.5 అని రాసే అలవాటు ఉందా లేదా అన్నది డ్రైవర్‌ని ఒక్కసారి అడుగు.

ఇంకో మాట. మీటర్ గంటా గడియారం గంటా ఎప్పుడూ ఒకటి కావు. పాత ట్రాక్టర్లలో ఆర్‌పీఎం ముల్లుతో కలిసి ఉండే మెకానికల్ మీటర్ ఇంజిన్ తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. కంపెనీ పెట్టిన ఆర్‌పీఎం దగ్గర నడిస్తేనే అది గంటకి గంట తిరుగుతది, తక్కువ రేస్‌లో నడిపితే వెనకబడుతది. ఎలక్ట్రానిక్ మీటర్ అయితే మామూలుగా టైమునే లెక్కపెడుతది, గట్టు మీద స్టార్టింగ్‌లో నిలబెట్టినా తిరుగుతనే ఉంటది. రైతు చేతి గడియారం చూస్తడు, ఓనర్ మీటర్ చూస్తడు, ఇద్దరూ నిజమే చెప్తారు. ఏ ఎంట్రీ దేన్ని చూసి రాసిందో ఒక కాలమ్‌లో పెట్టకపోతే నీ స్క్రిప్ట్ ఎంత బాగున్నా పంచాయితీ తప్పదు.

లూపులో_లక్ష్మి · ఆదివారం మధ్యాహ్నం 3:05

ఇందూరు అన్న చెప్పిన రూలు స్ట్రింగ్ మీదే పనిచేస్తుందని గమనించండి. మొదట్లో చేసినట్టు ఫ్లోట్‌గా మార్చేస్తే 2.40, 2.4 రెండూ ఒకటే అయిపోతాయి. ఆ చివరి సున్నాలోనే 'ఇది గడియారం, అది మీటర్' అన్న సమాచారం ఉంది. అర్థం తేలేదాకా అంకెల్ని అంకెలుగా మార్చకూడదు.

షీట్ల_సుబ్బులు · ఆదివారం మధ్యాహ్నం 3:40

ఒక్క నిమిషం. డెల్టా బాబూ, నోట్‌బుక్‌లోంచి ఈ ఫైల్‌లోకి ఎలా ఎక్కించావు? నేరుగా టెక్స్ట్ ఫైల్‌లో కొట్టావా, షీట్‌లో కొట్టి సేవ్ చేశావా?

డెల్టా_కుర్రాడు · ఆదివారం మధ్యాహ్నం 3:44

సగం చెల్లి షీట్‌లో కొట్టిందండి. దాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడగొట్టిన టెక్స్ట్ ఫైల్‌గా) దించుకున్నాను. మిగతా సగం నేను నోట్స్‌లో కొట్టాను.

షీట్ల_సుబ్బులు · ఆదివారం మధ్యాహ్నం 3:52

అయితే చెల్లి కొట్టిన సగం మళ్లీ చూడాలి. షీట్‌లో మామూలు సెల్‌లో 2.40 అని కొడితే అది సంఖ్య అనుకుని 2.4 చేసేస్తుంది. 3.50 ఉంటే 3.5. 4.00 ఉంటే ఉత్త 4. సీఎస్‌వీలో అదే దిగుతుంది. ఇప్పుడు మీ కొత్త రూలు ప్రకారం ఆ 2.4 మీటర్ రీడింగ్ అయిపోయి 144 నిమిషాలు వస్తుంది, ఉండాల్సింది 160. రైతుకి 640 రూపాయలు తగ్గుతుంది, మావయ్యకి అంత పోతుంది.

పోయిన సున్నాని ఏ స్క్రిప్టూ తిరిగి తేలేదు. నోట్‌బుక్ దగ్గరికే వెళ్లాలి. అయితే అన్నీ చూడనక్కర్లేదు. 2.35, 1.05 లాంటివి చెడవు. చెల్లి సగంలో చుక్క తర్వాత ఒకే అంకె ఉన్నవీ, అసలు చుక్కే లేనివీ మాత్రం ఏరి చూడండి. ఈసారి కొట్టే ముందు ఆ కాలమ్ మొత్తాన్ని ప్లెయిన్ టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి, కొట్టాక మారిస్తే లాభం లేదు.

డెల్టా_కుర్రాడు · ఆదివారం సాయంత్రం 4:00

ఓరి దేవుడా. సరే, చెల్లినీ నోట్‌బుక్‌నీ పిలుచుకుని కూర్చుంటాను.

కోడూరి_కోడర్ · ఆదివారం సాయంత్రం 4:30

అది అయ్యేలోపు '11.20 టు 1.05' సంగతి. మొదలు, చివర రెండింటినీ నిమిషాల్లోకి మార్చు: 680, 65. తీసివేస్తే మైనస్ వస్తుంది కాబట్టి 24 గంటలు, అంటే 1,440 కలుపు. రాత్రి దాటిన షిఫ్టులకి అందరూ చేసేది ఇదే.

లూపులో_లక్ష్మి · ఆదివారం సాయంత్రం 4:47

ఒకసారి వేసి చూడండి. 65 లోంచి 680 తీస్తే మైనస్ 615. దానికి 1,440 కలిపితే 825, అంటే 13 గంటల 45 నిమిషాలు. పొద్దున పదకొండూ ఇరవైకి మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంట ఐదుకి ఆపిన కోతకి 33,000 బిల్లు వెళ్తుంది!

1,440 కలపడం 24 గంటల గడియారానికి సరిపోతుంది, 22.30 నుంచి 1.15 అంటే 165 నిమిషాలు అని సరిగ్గా ఇస్తుంది. మావయ్య గారిది పన్నెండు గంటల గడియారం, ఉదయం సాయంత్రం అని రాయలేదు. అక్కడ కలపాల్సింది 720. మైనస్ 615 కి 720 కలిపితే 105, గంటా నలభై ఐదు నిమిషాలు.

పైథాన్‌లో దీనికి ఇఫ్ కూడా అక్కర్లేదు, తేడాని 720తో భాగించి శేషం తీసుకుంటే చాలు. పైథాన్‌లో మైనస్ సంఖ్య అయినా శేషం మాత్రం భాజకం గుర్తునే తీసుకుంటుంది, ఇక్కడ ప్లస్. సీ, జావాల్లో అలా కాదు, శేషం కూడా మైనస్‌లోనే వస్తుంది. ఏకబిగిన పన్నెండు గంటలు, అంతకు మించి నడిచిన కోత ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, కానీ ఒక పొలంలో అలా ఉండదనుకుంటాను.

డాలస్_నైట్‌షిఫ్ట్ · ఆదివారం రాత్రి 7:10

మీ అదృష్టం, మీకు ఒకటే టైమ్‌జోన్, గడియారం ముందుకీ వెనక్కీ జరిపే పనిలేదు. నేను హాస్పిటల్‌లో రాత్రి డ్యూటీ. ఇక్కడ మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలు కాగానే గడియారం మూడుకి దూకుతుంది, నవంబర్ మొదటి ఆదివారం రెండు మళ్లీ ఒంటిగంట అవుతుంది. రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా డ్యూటీ అంటే మార్చిలో ఆ రాత్రి ఏడు గంటలే, నవంబర్‌లో తొమ్మిది. నా డ్యూటీ గంటలకి నేను రాసుకున్న చిన్న స్క్రిప్ట్ రెండుసార్లూ ఎనిమిదే అంటోంది. టైమ్‌జోన్ పెట్టినా సరే!

లూపులో_లక్ష్మి · ఆదివారం రాత్రి 7:35

పైథాన్ అలాగే చేస్తుందండీ. రెండు సమయాలకీ ఒకే టైమ్‌జోన్ వస్తువు తగిలించి తీసివేస్తే అది గోడ గడియారం తేడానే ఇస్తుంది, జోన్‌ని పట్టించుకోదు. రెండింటినీ ముందు యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి) మార్చి, అప్పుడు తీసివెయ్యండి, ఏడూ తొమ్మిదీ సరిగ్గా వస్తాయి. జోన్ సమాచారానికి పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో మాడ్యూల్ లోపలే ఉంది.

తిథి_వారం · ఆదివారం రాత్రి 8:20

చర్చ పక్కదారి పట్టిస్తున్నానేమో, క్షమించాలి. పాత పంచాంగాల్లో తిథి, నక్షత్రాల అంతం గడియలు, విఘడియల్లో ఉంటుంది. 12-35 అంటే సూర్యోదయం నుంచి 12 ఘడియల 35 విఘడియలు. రోజుకి 60 ఘడియలు, ఘడియకి 60 విఘడియలు. డెల్టా గారి ఫంక్షన్ వాడుకోవచ్చా?

లూపులో_లక్ష్మి · ఆదివారం రాత్రి 8:42

భేషుగ్గా. అక్కడ కూడా అరవైల లెక్కే, కొలత మాత్రమే మారింది. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. కాబట్టి మీరు సెకన్లలో చెయ్యండి: 12 × 1,440 + 35 × 24 = 18,120 సెకన్లు, అంటే 5 గంటల 2 నిమిషాలు. ఆ వ్యవధిని గడియారం టైంగా మార్చాలంటే మీ ఊళ్లో ఆ రోజు సూర్యోదయం తెలియాలి, అది వేరే స్క్రిప్ట్.

డెల్టా_కుర్రాడు · ఆదివారం రాత్రి 10:05

చెల్లి కొట్టినవన్నీ నోట్‌బుక్‌తో సరిచూశాం. కొన్ని నిజంగానే సున్నా పోయినవే, కొన్ని మీటర్ రీడింగులు. ఇందూరు అన్న చెప్పినట్టు 'గడియారం / మీటర్' అని ఇంకో కాలమ్ పెట్టాం.

ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, ఫైల్‌లో మొట్టమొదటి లైన్ మాత్రమే ఎర్రర్ ఇస్తోంది. చూస్తే 2.40 అనే ఉంది, చెరిపి మళ్లీ కొట్టినా అంతే. రెండోది, మధ్యలో బెల్టు తెగి ఆగిన టైం తీసెయ్యాలి. ఒక దగ్గర మైనస్ 2 గంటల 30 అని వచ్చింది, కాగితం మీద వేస్తే మైనస్ గంటన్నర.

లూపులో_లక్ష్మి · ఆదివారం రాత్రి 10:22

మొదటిది: విండోస్‌లో సేవ్ చేసిన కొన్ని ఫైళ్ల మొదట్లో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, బామ్ అంటారు. స్ట్రిప్ దాన్ని తీసెయ్యదు, ఇంట్ దాన్ని ఒప్పుకోదు. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8 బదులు యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి, పోతుంది.

రెండోది: మైనస్ 90ని 60తో డివ్‌మాడ్ చేస్తే మైనస్ 2, ప్లస్ 30 వస్తాయి. లెక్క ప్రకారం అది సరైనదే, మైనస్ 120 ప్లస్ 30. ప్రింట్ చేస్తేనే తప్పుగా కనబడుతుంది. ముందు గుర్తు పక్కన పెట్టి, మిగతాదాన్ని డివ్‌మాడ్ చేసి, గుర్తు మళ్లీ తగిలించండి. అయినా కోసినదానికంటే ఆగిన టైం ఎక్కువ ఉందంటే ఎంట్రీయే తప్పు, అక్కడ ప్రింట్ చెయ్యడం కంటే ఎర్రర్ ఇవ్వడం నయం.

షీట్ల_సుబ్బులు · ఆదివారం రాత్రి 10:40

బిల్లు దగ్గర ఒక మాట. నిమిషాల్ని గంటలుగా మార్చి రెండు దశాంశాలకి కుదించి, అప్పుడు రేటుతో గుణించకండి. 160 నిమిషాలు 2.67 అవుతాయి, 2,400తో గుణిస్తే 6,408. 95 నిమిషాలు 1.58 అయి 3,792. అసలైనవి 6,400, 3,800. ఒకరికి ఎనిమిది ఎక్కువ, ఒకరికి ఎనిమిది తక్కువ. చిన్నదే అనుకోకండి, ఎనిమిది రూపాయల దగ్గరే మాటలు పెరుగుతాయి. నిమిషాల్ని రేటుతో ముందు గుణించి, చివర్లో 60తో భాగించండి. రేటు 2,500 లాంటిదైతే పైసలు వస్తాయి, వాటిని బిల్లుకొకసారి, ఆఖర్న సరిచెయ్యండి.

రెండోఏడు_బీఎస్సీ · ఆదివారం రాత్రి 10:48

రౌండ్ ఫంక్షన్ వాడితే చాలుగా?

లూపులో_లక్ష్మి · ఆదివారం రాత్రి 10:55

వాడొచ్చు, కానీ 2.5ని రౌండ్ చేస్తే 2, 3.5ని చేస్తే 4 వస్తుంది. సరిగ్గా సగం దగ్గర పైథాన్ సరి సంఖ్య వైపు మొగ్గుతుంది. బళ్లో మనకి నేర్పింది వేరు. రైతుకి వివరించలేని పద్ధతి బిల్లులో పెట్టకండి, పైసలు వదిలేస్తామని చెప్పి వదిలెయ్యండి.

డెల్టా గారూ, బిల్లులు ఇచ్చేముందు మీకు జవాబు తెలిసిన లైన్లన్నీ అసర్ట్‌లుగా (జవాబు తేడా వస్తే ఆపేసే తనిఖీలుగా) రాసుకోండి. 2.40కి 160, గంటన్నరకి 90, పావుతక్కువ మూడుకి 165, 11.20 టు 1.05కి 105, మీటర్ 2.4కి 144. 2.75కి ఎర్రర్ రావాలి. రేపు ఇంకో రకం రాత కలిపినప్పుడు పాతవి చెడిపోతే వెంటనే తెలుస్తుంది.

డెల్టా_కుర్రాడు · సోమవారం ఉదయం 9:15

అసర్ట్‌లన్నీ పాసయ్యాయి. మావయ్య చేత్తో వేసిన నాలుగు బిల్లులతో పోల్చాను, మూడు కలిశాయి. నాలుగోదాంట్లో ఆగిన టైం తియ్యడం ఆయన మర్చిపోయాడట, స్క్రిప్ట్‌దే తీసుకోమన్నాడు. బిల్లు మీద '8 గం. 5 ని.' అనే ప్రింట్ అవ్వాలనీ, చుక్కలు వద్దనీ చెప్పాడు.

ఇందూరు_అన్న · సోమవారం ఉదయం 9:40

శభాష్ తమ్ముడూ. మా యాసంగి కోతల పుస్తకం ఫొటోలు పంపుతా, దాని మీద కూడా నడిపించి పెట్టు. చైన్ మిషన్‌కి ఒక రేటు, టైర్ మిషన్‌కి ఒక రేటు, రేటు కాలమ్ వేరుగా ఉంటది.

డెల్టా_కుర్రాడు · సోమవారం ఉదయం 9:46

పంపండి అన్నా, రేటు లైన్‌లోంచే చదివేలా మారుస్తాను. ఒక్కటి ముందే చెప్పండి. మీ పుస్తకంలో 2.5 అని ఉంటే ఎంత?

ఇందూరు_అన్న · సోమవారం ఉదయం 10:02

ఇప్పుడే అడిగిన. మా డ్రైవర్ దాన్ని రెండు గంటల ఐదు నిమిషాలు అంటుండు.